200 గజాల్లో ఎంత ఇల్లు కట్టొచ్చు? హైదరాబాద్‌లో మీరే లెక్క వేసుకోండి

"అన్నా, మాది 200 గజాలు. ఎన్ని ఫ్లోర్లు పడతాయి?"

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. జవాబు చెబితే వెంటనే రెండో ప్రశ్న వస్తుంది: "మరి పక్కింటాయన నాలుగు వేశాడుగా?" పక్కింటాయన సంగతి తర్వాత చూద్దాం. ఫ్లోర్లు లెక్కలో చివర్న తేలేవి. ముందు తేల్చుకోవాల్సింది ఎంత కట్టొచ్చన్నది కాదు, ఎంత వదలాలన్నది.

ముంబై, బెంగళూరుల్లో స్థలం విస్తీర్ణాన్ని ఎఫ్‌ఎస్‌ఐ అనే అంకెతో గుణించి, అంతకు మించి కట్టొద్దంటారు. హైదరాబాద్‌లో మామూలు ఇంటికి ఆ గుణకారం లేదు. స్థలం ఎంత, ముందున్న రోడ్డు ఎంత, మీరు లేపాలనుకున్న ఎత్తు ఎంత అన్న మూడు విషయాలను బట్టి నాలుగు వైపులా వదలాల్సిన ఖాళీ తేలుతుంది. దాన్నే సెట్‌బ్యాక్ అంటాం. అది పోగా మిగిలిందే మీ ఇల్లు. దీనికంతా మూలం 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168, ఆ తర్వాత దానికి వచ్చిన సవరణలు. ఆంధ్రప్రదేశ్‌లో కట్టేవాళ్లకు 2017 నాటి జీవో 119 ఉంది. అక్కడ పట్టికలో అంకెలు వేరు కాబట్టి కింద ఇచ్చిన కొలతలు విజయవాడలో వాడకండి. లెక్క వేసే వరస మాత్రం అక్కడా పనికొస్తుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు, లేఅవుట్ కాపీ (అప్రూవ్ కాని లేఅవుట్ అయితే దాన్ని క్రమబద్ధం చేసినట్టు ఇచ్చే ఎల్‌ఆర్‌ఎస్ ప్రొసీడింగ్స్), వంద అడుగుల టేపు, టేపు రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషి, ఫోన్లో క్యాలిక్యులేటర్. టేపు మీద మీటర్లు కూడా ఉండాలి. మనం మాట్లాడేది గజాల్లో, మేస్త్రీ కట్టేది అడుగుల్లో, రూల్స్ రాసింది మీటర్లలో. సగం తప్పులు ఈ మూడింటి మధ్యే జరుగుతాయి.

1. స్థలాన్ని కొలవండి, మీటర్లలోకి మార్చండి

డాక్యుమెంట్లో ఉన్న కొలత నమ్మి కూర్చోకండి. నాలుగు వైపులా టేపు పట్టండి. కాగితం మీద 60 అడుగులు ఉండి నేల మీద 58 ఉంటే మీ లెక్క 58కే. కాగితం కన్నా నేల మీద ఎక్కువ ఉందా? సంబరపడకండి, కాగితంలో ఉన్నంతే మీది.

గజాలను 0.836తో గుణిస్తే చదరపు మీటర్లు వస్తాయి. 200 గజాలంటే 167 చదరపు మీటర్లు.

ఇక్కడో గోతి ఉంది. జీవో 168లోని సెట్‌బ్యాక్ పట్టికలో 200 చదరపు మీటర్ల దగ్గర ఒక గీత ఉంటుంది. గజాల్లో అది 239 దాటి కాస్త. మీది 240 గజాలైతే 200.7 చదరపు మీటర్లు, అంటే మీరు గీత అవతల పడ్డారు. గజం కూడా లేని తేడాకు ఒక్కో ఫ్లోర్‌లో ఎంత పోతుందో 5వ అంచెలో చూపిస్తాను. స్థలం ఇంకా కొనకపోతే ఈ లెక్క ముందే వేసుకోండి.

2. రోడ్డు కొలవండి, తారు కాదు

రోడ్డు వెడల్పు అంటే ఎదురింటి ప్రహరీ నుంచి మీ హద్దు దాకా. చాలామంది తారు అంచు నుంచి తారు అంచుకు, లేదా సీసీ రోడ్డు ఎంత పోశారో అంతే కొలిచి, "మాది 20 అడుగుల రోడ్డు" అని దిగులు పడతారు. దీనికి తిరగబడిన తప్పూ ఉంది. లేఅవుట్‌లో 30 అడుగులుందని ధీమాగా ఉంటారు, ఎదురింటాయన మెట్లు, ర్యాంపు, పూలకుండీలు కలిసి నాలుగడుగులు మింగేసి ఉంటాయి.

మామూలు కాలనీల్లో ఇంటికి 9 మీటర్ల రోడ్డు కావాలి. గ్రామకంఠాలు, పాత ఇరుకు బస్తీల్లో 6 మీటర్లు. మీ రోడ్డు అంతకన్నా తక్కువైతే ఇల్లు కట్టనివ్వరని కాదు. రోడ్డు నడిమధ్య నుంచి 4.5 మీటర్లు (బస్తీల్లో 3 మీటర్లు) లెక్కపెట్టి, ఆ గీత దాకా మీ స్థలం రోడ్డుకు వదిలేయాలి. సెట్‌బ్యాక్ కొలత ఆ గీత దగ్గర్నుంచి మొదలవుతుంది, మీ ప్రహరీ దగ్గర్నుంచి కాదు. కాలనీలో 20 అడుగుల రోడ్డు మీద 30 అడుగుల ముఖం ఉన్న స్థలమైతే దాదాపు 1.45 మీటర్లు వెనక్కి జరగాలి. అంటే సుమారు 16 గజాలు పోయినట్టు.

మాస్టర్ ప్లాన్‌లో మీ రోడ్డుకు వెడల్పు ప్రతిపాదన ఉందేమో కూడా చూడండి. ఇప్పుడు 40 అడుగులే ఉన్నా ప్లాన్‌లో 60 ఉంటే మీకు వర్తించేది 60.

మూల స్థలమైతే, అంటే రెండు వైపులా రోడ్డుంటే, ముందు సెట్‌బ్యాక్ వెడల్పైన రోడ్డు వైపు వదలాలి. రెండో రోడ్డు వైపు మిగతా పక్కలకు వదిలినంతే చాలు. ఇంటి ముఖద్వారం ఎటు పెట్టుకుంటారన్నది మీ వాస్తు పండితుడికీ మీకూ సంబంధించిన విషయం, సెట్‌బ్యాక్‌కు దాంతో పని లేదు.

3. చెరువు, నాలా ఉన్నాయేమో చూడండి

ఇది తేలకుండా 4వ అంచెకు వెళ్లొద్దు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువు, కుంట అయితే 9 మీటర్లు ఏమీ కట్టకూడదు. పది మీటర్లకు మించి వెడల్పున్న నాలా, వాగు అయితే 9 మీటర్లు, అంతకన్నా సన్నదైతే 2 మీటర్లు. నగరం లోపల మూసీకి 50 మీటర్లు.

"ఎండాకాలంలో వచ్చి చూశాం, నీళ్లే లేవు" అనేది లెక్కలోకి రాదు. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే గీత. ఈరోజు నీళ్లు ఎక్కడున్నాయన్నది దానికి అనవసరం. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక ఈ విషయంలో జనం కాస్త జాగ్రత్త పడ్డారు. అంతకు ముందు రిజిస్ట్రేషన్ అయిపోతే చాలనుకునేవారు. రిజిస్ట్రేషన్ ఆఫీసు అమ్మకాన్ని నమోదు చేస్తుందంతే. కట్టుకోవచ్చని దాని అర్థం కాదు.

ఈ చోటే ఇంకొకటి కూడా చూసేయండి. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) 2031 మాస్టర్ ప్లాన్‌లో మీ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో తెలుసుకోండి. రెసిడెన్షియల్ అయితే ఇబ్బంది లేదు. కన్జర్వేషన్, రిక్రియేషన్ లాంటివి కనిపిస్తే అక్కడే ఆగండి.

4. మీ వరస పట్టుకోండి

మామూలు ఇళ్లకు అవసరమయ్యే వరసలు మాత్రమే ఇస్తున్నాను. ముందు సెట్‌బ్యాక్ అంకెలు 12 మీటర్ల (40 అడుగుల) లోపు రోడ్డుకు. రోడ్డు వెడల్పు పెరిగేకొద్దీ ముందు ఖాళీ కూడా పెరుగుతుంది.

- 50 నుంచి 100 చ.మీ. (సుమారు 60–120 గజాలు): 7 మీటర్ల ఎత్తుకు ముందు 1.5 మీటర్లు, మిగతా పక్కల ఏమీ వదలక్కర్లేదు. 10 మీటర్ల ఎత్తుకు ముందు 1.5, మిగతా పక్కల అర మీటరు.
- 100 నుంచి 200 చ.మీ. (120–239 గజాలు): 10 మీటర్ల ఎత్తు. ముందు 1.5, మిగతా మూడు పక్కల 1 మీటరు.
- 200 నుంచి 300 చ.మీ. (239–359 గజాలు): 7 మీటర్ల ఎత్తుకు ముందు 2, పక్కల 1. 10 మీటర్లకు ముందు 2, పక్కల 1.5. కార్ల కోసం కింద స్టిల్ట్ (గదులు లేకుండా పిల్లర్ల మీద వదిలే పార్కింగ్ ఫ్లోర్).
- 300 నుంచి 400 చ.మీ. (359–478 గజాలు): 7 మీటర్లకు ముందు 3, పక్కల 1.5. 12 మీటర్లకు ముందు 3, పక్కల 2. స్టిల్ట్ అదనం.

పార్కింగ్‌కు మాత్రమే వాడే స్టిల్ట్‌ను ఎత్తులో కలపరు. అందుకే 200 చ.మీ. దాటిన స్థలాల్లో "స్టిల్ట్ ప్లస్ 3" కనిపిస్తుంది, దాటనివాటిలో "జీ ప్లస్ 2" దగ్గర ఆగుతుంది. మీ 200 గజాల ప్రశ్నకు జవాబు కూడా ఇదే: గ్రౌండ్, దాని మీద రెండు. 200 గజాల్లో కింద స్టిల్ట్ వదిలితే దాన్ని కూడా ఆ పది మీటర్లలోనే ఇరికించాలి.

ఈ వరసల్లో చాలామంది గమనించని మేలు ఒకటి ఉంది. ఎత్తు తగ్గించుకుంటే పక్కల వదలాల్సిందీ తగ్గుతుంది. ఉండేది ఒక్క కుటుంబమే, అద్దెల మీద ఆశ లేదు అనుకుంటే 7 మీటర్ల వరస తీసుకోండి. 300 గజాల స్థలం, 36 అడుగుల ముఖం, 75 అడుగుల లోతు అనుకుందాం. 10 మీటర్లకు వెళితే ఫ్లోర్ 1,660 చదరపు అడుగుల చుట్టూ వస్తుంది. 7 మీటర్ల దగ్గర ఆగితే 1,917. అమ్మానాన్నలకు కిందే ఇంకో బెడ్‌రూమ్ వచ్చే తేడా అది. "రేపు పైన వేసుకుంటాం" అనే ఆలోచన ఏ మూలనైనా ఉంటే మాత్రం మొదటి రోజే 10 మీటర్ల సెట్‌బ్యాక్ వదిలి కట్టండి. తర్వాత గోడను లోపలికి జరపలేరు.

5. లెక్క వేయండి

200 గజాలు: 30 అడుగుల ముఖం, 60 అడుగుల లోతు, 30 అడుగుల రోడ్డు.

ముఖం 9.14 మీటర్లు. రెండు పక్కల మీటరు చొప్పున తీస్తే 7.14.
లోతు 18.29 మీటర్లు. ముందు 1.5, వెనక 1 తీస్తే 15.79.
7.14 × 15.79 = 112.7 చ.మీ. అంటే ఒక ఫ్లోర్‌కు 1,213 చదరపు అడుగులు. మూడు ఫ్లోర్లకు 3,640.

గోడల మందం, మెట్లు, బాల్కనీ అన్నీ ఇందులోనే. నడవడానికి దొరికే చోటు ఇంకా తక్కువ.

ఇదే స్థలం 20 అడుగుల రోడ్డు మీద ఉంటే? లోతులోంచి ఇంకో 1.45 తీయండి. ఫ్లోర్ 1,102కు పడిపోతుంది.

ఇప్పుడు ఆ 240 గజాల గోతి. 40 × 54 అడుగుల స్థలం. 200 చ.మీ. లోపు వరసలోనే ఉండి ఉంటే ఫ్లోర్‌కు 1,531 చదరపు అడుగులు వచ్చేది. గీత దాటడంతో 10 మీటర్ల ఎత్తుకు 1,282కి తగ్గింది. దాదాపు 250 చదరపు అడుగులు, ఒక పెద్ద బెడ్‌రూమ్, బాత్రూమ్ పోయినట్టే. దానికి బదులుగా స్టిల్ట్ దొరికింది. కారు రోడ్డు మీద పెట్టే బాధ తప్పుతుంది కాబట్టి కొందరికి అది లాభమే.

వంకర స్థలమైతే ప్రతి హద్దుకూ లంబంగా కొలవండి. ముందు 30, వెనక 26 అడుగులున్న స్థలాన్ని సగటు 28 అని వేసుకుంటే వెనక మూలల్లో సెట్‌బ్యాక్ చాలదు.

మధ్యలో మండువా కావాలని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. అందంగానే ఉంటుంది. కానీ గదులకు గాలి, వెలుతురు దాని మీదుగానే రావాలంటే అది 25 చ.మీ. తగ్గకూడదు, ఏ పక్కా 3 మీటర్ల కన్నా చిన్నదై ఉండకూడదు. పై లెక్కలో 112 చ.మీ. నుంచి 25 పోతే ఏం మిగులుతుందో ముందు చూసుకోండి.

6. ఎత్తు సరిపోతుందో లేదో చూడండి

ఎత్తు మొదలయ్యేది మీ గడప దగ్గర కాదు, ముందున్న రోడ్డు దగ్గర. వర్షాకాలం నీళ్లు రాకూడదని బేస్‌మెంట్ రెండడుగులు లేపుతారు కదా, అది కూడా పది మీటర్లలోనే. పిట్టగోడ, మెట్ల మీది గది, లిఫ్ట్ గది, నీళ్ల ట్యాంకు లెక్కలోకి రావు.

బేస్‌మెంట్ 0.6 మీటర్లు, ఫ్లోర్ నుంచి ఫ్లోర్‌కు పదడుగులు (3.05) వేసుకుంటే: 0.6 + 9.15 = 9.75. సరిపోయింది.
అదే 11 అడుగులు (3.35) కావాలంటే: 0.6 + 10.05 = 10.65. దాటిపోయింది.

హాల్ ఎత్తుగా ఉండాలని సగంలో మేస్త్రీకి చెప్పి అడుగు పెంచుకునేవాళ్లు చాలామంది. ఆ అడుగును మూడుతో గుణించుకోండి. కింద 11, పైన రెండూ పది పెట్టుకుంటే 10.05 వస్తుంది. బేస్‌మెంట్ రెండంగుళాలు దించితే లోపలికి వచ్చేస్తుంది.

7. సెట్‌బ్యాక్‌లో ఏం పెట్టకూడదు

సెట్‌బ్యాక్ నేల నుంచి ఆకాశం దాకా ఖాళీగా ఉండాలి. సజ్జ మాత్రం రెండడుగుల (60 సెంటీమీటర్ల) దాకా రావచ్చు. నేను ఎక్కువగా చూసే తప్పులివి:

బయటి మెట్లు. అద్దెవాళ్లు వేరుగా వెళ్లాలని పక్క సందులో ఇనుప మెట్లు, కాంక్రీట్ మెట్లు వేస్తారు. కుదరదు.

ఒక్క సందూ వదలకుండా పైఫ్లోర్ మూడడుగులు బయటికి లాగడం. కింద సెట్‌బ్యాక్ సరిగ్గా ఉంటుంది, మొదటి స్లాబ్ నుంచి పెట్టెలా ముందుకు వస్తుంది. మన కాలనీల్లో ఇది ఎంత మామూలైపోయిందంటే, లాగకపోతే మేస్త్రీనే "జాగా వేస్ట్ చేస్తున్నారు సార్" అంటాడు.

వెనక బాత్రూమ్, వాష్ ఏరియా మీద రేకులు. తర్వాత రేకుల చోట స్లాబ్ వస్తుంది.

ఇక పెంట్‌హౌస్. మెట్ల గదిని లెక్కలోంచి తీసేశారు కదా అని దాని పక్కనే రెండు గదులు, కిచెన్ వేసి దాన్నీ మెట్ల గదే అంటారు. అది అనుమతి లేని ఫ్లోర్ కిందికే వస్తుంది.

8. దరఖాస్తు

75 గజాల లోపు స్థలంలో జీ ప్లస్ 1 దాకా అయితే అనుమతి అక్కర్లేదు. రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. సెట్‌బ్యాక్‌లు మాత్రం దానికీ ఉన్నాయి. 500 చ.మీ. లోపు స్థలం, 10 మీటర్ల లోపు ఎత్తు అయితే స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. దాన్ని మించితే సింగిల్ విండోలో 21 రోజులు. ఇవన్నీ భవన అనుమతుల కోసం వచ్చిన 2020 టీఎస్ బీపాస్ చట్టం తెచ్చినవి. 2025 నుంచి జీహెచ్ఎంసీ దరఖాస్తులు బిల్డ్‌నౌ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లోకి మారాయి.

వెంటనే వచ్చిందంటే ఎవరో పరిశీలించి ఒప్పుకున్నారని కాదు. "నేను చెప్పినవన్నీ నిజం" అని మీరు సంతకం పెట్టారంతే. అబద్ధమని తేలితే నోటీసు లేకుండానే కూల్చొచ్చని ఆ చట్టంలోనే ఉంది. కాబట్టి లైసెన్స్ ఉన్న ఇంజినీర్‌తోనే డ్రాయింగ్ గీయించుకోండి. ఈ పట్టికకు తర్వాత వచ్చిన సవరణలేమైనా మీ స్థలానికి తగులుతాయేమో ఆయన్నే అడగండి. ఆయన గీసిన ప్లాన్ ఒకటి, మేస్త్రీ చేతిలో ఉన్న ప్లాన్ ఇంకొకటి కాకుండా చూసుకోండి. ఆఫీసుకో ప్లాన్, సైటుకో ప్లాన్ అనే అలవాటు ఎక్కడ తెగితే అక్కడ సగం గొడవలు తెగుతాయి.

9. నేల మీద సరిచూసుకోండి

మూడుసార్లు టేపు పట్టాలి: ముగ్గు పోసిన రోజు, బేస్‌మెంట్ అయ్యాక, మొదటి స్లాబ్ సెంట్రింగ్ కొట్టాక (కాంక్రీట్ పోయకముందే).

ముగ్గు పోసిన రోజుదే అసలు పరీక్ష. మేస్త్రీ దారం కట్టేది పిల్లర్ మధ్యగీత మీద. మీటరు సెట్‌బ్యాక్‌ను ఆ దారానికి కొలిస్తే, 9 అంగుళాల పిల్లర్‌లో సగం, అంటే నాలుగున్నర అంగుళాలు, సెట్‌బ్యాక్‌లోకి వచ్చేస్తుంది. అది 11 సెంటీమీటర్లు. జరిమానా కట్టించుకుని సర్దుబాటు చేసే అవకాశం పది శాతం దాకానే ఉంది, మీటరుకు పది సెంటీమీటర్లు. ముందు సెట్‌బ్యాక్‌కు అదీ లేదు, అదనపు ఫ్లోర్‌కు అసలే లేదు. అంటే దారం ఎక్కడ కట్టారన్న ఒక్క పొరపాటుతో ఇల్లంతా గీత దాటుతుంది. మా పెదనాన్న ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. బేస్‌మెంట్ దగ్గర దొరికింది కాబట్టి రెండు పిల్లర్ల ఖర్చుతో బయటపడ్డాం. కొలత ఎప్పుడూ గోడ బయటి ముఖానికి, అది కూడా ప్లాస్టరింగ్, ఎలివేషన్ రాయి మందం కలుపుకుని పట్టండి.

మూలమట్టం చూడటానికి రెండు కర్ణాలూ కొలవండి. పై లెక్కలో 7.14 × 15.79 గీతకు రెండు కర్ణాలూ 17.33 మీటర్లు రావాలి. ఒకటి 17.40, ఇంకొకటి 17.26 వస్తే ముగ్గు చెరిపి మళ్లీ పోయించండి. ముగ్గు ఖర్చు వంద రూపాయలు కూడా కాదు.

ప్రతిసారీ టేపు కనిపించేలా నాలుగు పక్కలా ఫోటోలు తీసి ఉంచండి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ దగ్గర, బ్యాంకు లోన్ దగ్గర, ఎవరైనా ఫిర్యాదు పెట్టినప్పుడు అవి పనికొస్తాయి.

పక్కింటాయన సంగతి

ఆయన నాలుగో ఫ్లోర్ వేశాడు, ఏమీ కాలేదు అంటారు. ఆయన ఆస్తిపన్ను రసీదు ఒకసారి చూడమని చెప్పండి. సెట్‌బ్యాక్ పది శాతం లోపు మింగితే పన్ను మీద 25 శాతం, పది దాటితే 50 శాతం, అనుమతి లేని ఫ్లోర్ మీద వంద శాతం జరిమానా పడుతుంది. ఒక్కసారి కట్టి వదిలేసేది కాదు, ఏటేటా. అది కట్టినంత మాత్రాన ఆ ఫ్లోర్ సక్రమం కూడా అయిపోదు.

"బీఆర్‌ఎస్ వస్తే రెగ్యులరైజ్ అవుతుందిలే" అనేది రెండో ధీమా. పార్టీ కాదు, బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్. 2015లో వచ్చిన ఆ పథకం 2015 అక్టోబర్ 28కి ముందు కట్టినవాటికే. అదీ కోర్టు వ్యవహారంలో చిక్కుకుని, దరఖాస్తు పెట్టుకున్నవాళ్లే ఏళ్ల తరబడి ఎదురుచూశారు. మీరు ఇవాళ పోయబోయే స్లాబ్‌కు అందులో చోటు లేదు.